గడుల్లో పట్టని మాట

ఎడిసన్‌లో ఉదయం రైలెక్కి, అలవాటు ప్రకారం డైరీలో గీతలు గీసి గడులు చేసుకున్నాను: వేళ, వాతావరణం, కలిసినవాళ్ళు. పక్క సీట్లో లాప్‌టాప్ తెరుచుకున్న అమ్మాయి అది చూసి నవ్వింది.

"అంకుల్, మీరు కూడా మా ఓల్డ్ మ్యాన్ లాగే. అన్నీ చేత్తో రాస్తారు."

ఆమె ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు ఆఫీసులో పనిచేస్తుందట. ఏ ఆటగాణ్ణి తీసుకోవాలో నలభై ఏళ్ళుగా చెబుతున్న పెద్దాయన నోట్‌బుక్‌లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించమని కొత్త మేనేజర్ చెప్పాడు. ఆ పని పూర్తయితే పెద్దాయన్ని ఇంటికి పంపించేస్తారు.

"మేనేజర్‌కి థర్టీ టూ, అంకుల్."

"నా డైరీలే అంతకంటే పెద్దవమ్మా. పని అయిపోయిందా?"

"వన్ లైన్ మిగిలింది. 'ఓడిపోయాక అందరూ వెళ్ళిపోయారు, ఇతను టవల్స్ మడతపెట్టాడు' అని. ఏ కాలమ్‌లో పెట్టాలో తెలీట్లేదు."

"ఒక్క లైనేగా, వదిలెయ్."

"అది చూసే అతన్ని తీసుకోమన్నారు ఆయన. ఇప్పుడు మా కెప్టెన్ అతనే."

ఆ మాట అన్నాక ఆమె మేనేజర్‌కి ఫోన్ చేసి, నోట్‌బుక్‌లు పూర్తి కాలేదనీ, పెద్దాయన పక్కన లేకపోతే పూర్తి కావనీ ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది.

"ఆయన్ని సీజన్ అయ్యేదాకా ఉంచుతాడట," అని లాప్‌టాప్ మూసేసింది.

పేరు అడగకుండానే దిగిపోయాను. అప్పటినుంచి డైరీలో ప్రతి పేజీ అడుగున కొంత చోటు గీతలు గీయకుండా వదిలేస్తున్నాను.