కదలని అంకె

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ విభాగానికి ఇన్‌ఛార్జిగా ఉన్నాను. గన్నవరం, కంకిపాడు సెంటర్ల నుంచి రోజూ శాంపిళ్లు వచ్చేవి. ఫలితం తేడాగా ఉంటే టెక్నీషియన్ అదే శాంపిల్‌ను అదే మిషన్‌లో మళ్లీ పెట్టేవాడు. రెండోసారీ అంతే వస్తే ‘మళ్లీ చేసి నిర్ధారించాం’ అన్న ముద్ర వేసి నా సంతకానికి పంపేవాడు. ఆ పద్ధతి పెట్టింది నేనే. దానిమీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ వానాకాలం కంకిపాడు నుంచి షమీమ్ అనే స్కూలు టీచరు శాంపిల్ వచ్చింది. ఆమెకు అంతకు రెండు నెలల ముందు గర్భం పోయింది. గర్భంతో రక్తంలో చేరే హెచ్‌సీజీ అనే హార్మోను ఆపాటికి పూర్తిగా దిగిపోవాలి. దిగలేదు. వారం తర్వాత రెండో శాంపిల్‌లోనూ అంతే. స్కానింగ్‌లో ఏమీ కనబడకపోయినా, మా రిపోర్టులను నమ్మి, గర్భాశయంలో ట్యూమరేమోనని ఆమె డాక్టరు గారు క్యాన్సర్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఆ తర్వాత చేసిన మూడో పరీక్షలోనూ అదే అంకె. నేను మళ్లీ సంతకం పెట్టాను.

మర్నాడు ఆమే ల్యాబ్‌కు వచ్చింది. ఇంజెక్షన్ వల్ల నోరంతా పుండ్లు, మాట సరిగా రావడం లేదు. మూడు రిపోర్టులూ నా టేబుల్ మీద పరిచింది.

“మేడం, ఇంట్లో ప్రెగ్నెన్సీ చూసే యూరిన్ స్ట్రిప్‌తో చూసుకున్నానండీ, లేదనే వచ్చింది. అయినా జబ్బయితే పెరగాలి, మందు పనిచేస్తే తగ్గాలి కదండీ. ఈ అంకె కదలదేంటి?”

మెడికల్ షాపు స్ట్రిప్‌ను మా మిషన్‌తో పోలుస్తోందని నాకు చిర్రెత్తుకొచ్చింది. అలాంటివి నమ్మితే ఎలాగమ్మా అని పంపేశాను. ఆమె వెళ్లాక కాగితాలు వరసగా చూస్తే ఆమె అన్నది నిజమే, మందు పడ్డాక కూడా అంకె పెరగలేదు, తగ్గలేదు.

ఆమె రక్తం నుంచి వేరుచేసిన సీరమ్‌లో మిగిలినదాన్ని సగానికి పలచన చేసి మిషన్‌లో పెట్టాను. నిజంగా హార్మోనైతే అంకె సగమవ్వాలి. కాలేదు. మరో ల్యాబ్‌లో వేరే కంపెనీ మిషన్ మీద చేయిస్తే అసలు హార్మోనే లేదు.

ఈ పరీక్షకు మేం వాడే కిట్‌లో ఎలుకల నుంచి తయారుచేసిన రెండు యాంటీబాడీలుంటాయి. వాటి మధ్య హార్మోను చిక్కితే మిషన్ లెక్కిస్తుంది. కొందరి రక్తంలో ఆ ఎలుక యాంటీబాడీలనే పట్టుకునే యాంటీబాడీలుంటాయి. హార్మోను లేకపోయినా అవి ఆ రెండింటినీ కలిపేస్తాయి, మిషన్ దాన్నే హార్మోనుగా లెక్కిస్తుంది. మూత్రంలోకి దిగేంత చిన్నవి కావు గనక స్ట్రిప్‌ను మోసం చేయలేవు.

వెంటనే డాక్టరు గారికి ఫోన్ చేశాను. మర్నాటి ఇంజెక్షన్ ఆపేశారు. షమీమ్‌ను, ఆమె భర్తను పిలిపించి ట్యూమర్ లేదని చెప్పాను. ఆ ఇంజెక్షన్ పడినందుకు పిల్లల కోసం కొన్ని నెలలు ఆగమని డాక్టరు గారు చెప్పారని భర్త నెమ్మదిగా అన్నాడు.

“మరి ఆ ఇంజెక్షన్ నాకెందుకు పడినట్టండీ?” అంది ఆమె.

మా రిపోర్టు వల్లేనని, తప్పు నాదేనని చెప్పాను.

రోగి పరిస్థితితో పొసగని అంకె వస్తే వేరే పద్ధతిలో చూడకుండా రిపోర్టు పంపకూడదని తర్వాత నియమం పెట్టాను. మళ్లీ చేయడం వేరు, సరిచూడడం వేరు. ఆ తేడా నేను చదువుకున్న రోజుల్లోనే నేర్చుకున్నాను. అది గుర్తురావడానికి ఆమె ఒంట్లోకి ఒక ఇంజెక్షన్ వెళ్లాల్సి వచ్చింది.