మైకత్త నోరు జారింది

ముప్పై ఏళ్ళ పాటు రైల్వే స్టేషన్లో బళ్ళ రాకపోకలు చెప్పిన ఆవిడ గొంతు ఊళ్ళో అందరికీ తెలుసు. మొహం మాత్రం చాలామందికి తెలియదు. కూరల కొట్టు దగ్గర నిలబడి ఆవిడ "అర కిలో టమాటాలు" అనగానే వెనకున్నవాళ్ళు తెలియకుండానే కింద పెట్టిన సంచులు చేతిలోకి తీసుకునేవారు. ఉద్యోగం చివరి రోజుల్లో ఆ పని యంత్రానికి అప్పగించి ఆవిణ్ణి పార్సెల్ ఆఫీసుకి మార్చారు. మైకు పోయినా మైకత్త అన్న పేరు పోలేదు.

ఆవిడ భర్త లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. ఎంతో అవసరమైతే తప్ప మాట్లాడడు. "ఇంట్లో ఒక మైకు చాలదా" అంటాడు ఎవరైనా అడిగితే.

ఆవిడ రిటైరైన రెండో నెలలో ఎదురింటి లైబ్రేరియన్ అమ్మాయి వచ్చి ఒక సాయం అడిగింది. లైబ్రరీ మేడ మీద గదిలో శనివారం మధ్యాహ్నాలు కొందరు పిల్లలు కలుసుకుంటారు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళు. అబ్బాయిలను ఇష్టపడే అబ్బాయిలు, అమ్మాయిలను ఇష్టపడే అమ్మాయిలు, పుట్టగానే ఆడో మగో అని ఊరు వేసిన ముద్ర ఒకటైతే తమ మనసుకు తెలిసింది మరొకటైన వాళ్ళు. ఇంట్లో, బడిలో చెప్పుకోలేనివి అక్కడ చెప్పుకుంటారు. ఊరికే చెప్పుకోవడమే కాదు, ఒక్కొక్కరు ఒక్కో పని నెత్తిన వేసుకుని మొదలుపెట్టిన దగ్గర్నుంచి పూర్తయ్యేదాకా నడిపించడం నేర్చుకుంటారు. పిల్లలు కలిసే చోట ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలని లైబ్రరీ నియమం. లైబ్రేరియన్ ఒకరు. రెండో మనిషి కావాలి.

"ఏం చెయ్యాలమ్మా నేను?" అని అడిగింది మైకత్త.

"ఏమీ చెయ్యక్కర్లేదత్తా. కూర్చోవడమే. మాట్లాడకుండా."

ఆ చివరి మాట విని లోపల పేపరు చదువుకుంటున్న భర్త దగ్గినట్టు నవ్వాడు.

మైకత్త వెంటనే ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది. పార్సెల్ ఆఫీసులో ఆవిడ పక్క బల్ల గుమాస్తా, ఇరవై ఏళ్ళుగా తనతో ఒకే ఇంట్లో ఉంటున్న మనిషిని బాబాయి కొడుకని చెప్పేవాడు. కాదని మైకత్తకు ఎప్పుడో అర్థమైంది. మీరేం భయపడకండి అని ఒక్క మాట అంటే పోయేది, అనలేదు. ఆయన రిటైరయ్యే రోజున తనే చెప్పాడు. "పదహారేళ్ళప్పుడు నన్నెవరైనా కూర్చోబెట్టి అడిగుంటే బాగుండేదండీ" అన్నాడు. ఆ మాట ఆవిడ కడుపులో ఉండిపోయింది.

మేడ మీద గది ఒకప్పుడు ఆటల గది. మడత పెట్టిన టేబుల్ టెన్నిస్ బల్ల గోడకు ఆనించి ఉండేది. బ్యాటు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. గోడ మీద పిల్లలు రాసి అంటించిన కాగితంలో మూడే నియమాలు. ఈ గదిలో విన్నది గది దాటకూడదు. చెప్పనిది అడగకూడదు. పెద్దవాళ్ళు తమను అడిగితేనే మాట్లాడాలి. మూడు నెలలకొకసారి పిల్లలు ఒకరిని నాయకత్వానికి ఎన్నుకుంటారు. అప్పుడు ఆ బాధ్యత పదహారేళ్ళ కళ్ళజోడు అమ్మాయిది. అందరూ ఆమెను ప్రెసిడెంటు అనేవారు. హెడ్మాస్టర్లను తలదన్నే క్రమశిక్షణ ఆమెది.

మొదటి వారమే మైకత్త అడగకుండా మూడు సలహాలు ఇచ్చింది. ప్రెసిడెంటు మూడుసార్లూ మర్యాదగా గోడ మీది కాగితం చూపించింది. రెండో వారం నుంచి మైకత్త బుగ్గన పిప్పరమెంటు బిళ్ళ పెట్టుకుని కూర్చునేది. అది కరిగేదాకా నోరు తెరవకూడదని తనకు తనే పెట్టుకున్న షరతు. మధ్యాహ్నానికి ఆరు బిళ్ళలు అయ్యేవి.

వినడం మొదలుపెట్టాక ఆవిడకు చాలా తెలిసింది. ఒకమ్మాయి తన ప్రాణస్నేహితురాలికి ఉత్తరం రాసి చింపేసిన వైనం చెప్పి, తన మీద తనే జోకులు వేసుకుని గదినంతా నవ్వించింది. ఇంట్లో అందరూ కొడుకని పిలిచే పదమూడేళ్ళ పిల్ల, ఆ గదిలో తనను "చెల్లీ" అని పిలిస్తే చాలంది. ఆ రోజు నుంచి అందరికీ ఆమె చెల్లే. ఇంటికి వెళ్ళాక భర్త "ఏం జరిగింది?" అని అడిగితే మైకత్త "చెప్పకూడదు" అనేది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదటిసారని ఆయన ఆశ్చర్యపోయాడు.

ఆ పిల్లల్లో పదిహేనేళ్ళ అబ్బాయి ఒకడు ఉండేవాడు. మనిషి పొడుగు, మాట పొట్టి. నిచ్చెన అని పిలిచేవారు. ఆ విడత పనులు పంచుకుంటున్నప్పుడు అన్నిటికన్నా కష్టమైనది వాడే తీసుకున్నాడు. ఊళ్ళో మూడు బడుల టీచర్లను లైబ్రరీ హాల్లో కూర్చోబెట్టి, ఇలాంటి పిల్లలు క్లాసులో ఏ అవస్థలు పడతారో, టీచర్లు ఏం చెయ్యగలరో చెప్పడం. ఉత్తరాలు రాశాడు, తేదీ ఖాయం చేశాడు. తీరా గదిలో ఒకసారి చెప్పి చూడబోతే మొదటి వాక్యం దాటలేకపోయాడు. చివరికి బ్యాటు తీసుకెళ్ళి మైకత్త చేతిలో పెట్టాడు.

"అత్తా, మీరు నేర్పించండి" అన్నాడు.

మైకత్త గబగబా పిప్పరమెంటు మింగేసింది.

ఆవిడ వాణ్ణి గది చివర నిలబెట్టి, ముందు ఊపిరి తీసుకోవడం నేర్పింది. తర్వాత మాటల మధ్య ఆగడం. "హాలంతటికీ చెప్పాలనుకోకు, భయమేస్తుంది. స్టేషన్లో ఎవరో ఒకరు మెట్ల మీద పరుగెత్తుకొస్తూ ఉంటారు. సగమే వినపడుతుంది వాళ్ళకి. నేను ఎప్పుడూ ఆ ఒక్కరి కోసమే చదివేదాన్ని" అంది. నాలుగు వారాలకు నిచ్చెన గొంతు గది దాటి మెట్ల దాకా వినిపించింది. మైకత్త సంబరానికి అంతు లేదు.

ఆ సంబరమే కొంప ముంచింది.

ఒక బుధవారం ఆవిడ కళ్ళజోడు కాడ విరిగితే బాగుచేయించుకోవడానికి వెళ్ళింది. ఆ దుకాణం నిచ్చెన తాతయ్యదని ఆవిడకు తెలుసు. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని మేకు తల కన్నా చిన్న మరను బిగిస్తూ, మనవడి గురించి గొప్పలు చెప్పుకున్నాడు. శనివారాలు కూడా మానకుండా లెక్కల ట్యూషన్‌కి వెళ్తాడట.

"లెక్కలేంటండీ, శనివారం మా గదిలో వాడు మాట్లాడుతుంటే మీరు వినాలి" అనేసింది మైకత్త.

ఆయన చేతిలో పని ఆగింది. "ఏ గదండీ?"

తనేం అనేసిందో అప్పుడు తెలిసింది ఆవిడకు. పొయ్యి మీద పాలు పెట్టొచ్చానని ఏదో గొణిగి, కళ్ళజోడు అక్కడే వదిలేసి, ఎదుటివి మసకమసగ్గా కనిపిస్తుండగా ఇంటికి వచ్చి పడింది. ఏం జరిగిందో చెప్పకుండానే, ఒక పిల్లాడి గుట్టు బయటపెట్టానని మాత్రం భర్తతో అంది. ఆయన పేపరు మడిచాడు.

"ముందు ఆ పిల్లాడికి చెప్పు. ఇంకెవరూ చెప్పకముందే."

సాయంత్రం బడి వదిలే వేళకు లైబ్రేరియన్ ద్వారా కబురు పెట్టి, లైబ్రరీ మెట్ల మీద నిచ్చెనను కలిసింది. సాకులేమీ చెప్పలేదు. తను అన్న మాటలు అన్నవి అన్నట్టు చెప్పింది. వాడు మెట్టు మీద కూలబడ్డాడు.  తను మళ్ళీ వెళ్ళి, ఇంకో కుర్రాడనుకుని పొరబడ్డానని చెబుతానంది మైకత్త. వాడు తల అడ్డంగా ఊపాడు. "వద్దత్తా. ఇంకో అబద్ధం నేను గుర్తుపెట్టుకోలేను" అన్నాడు. వాళ్ళమ్మకు సంగతి ఏడాది కిందటే తెలుసు. లెక్కల ట్యూషన్ అన్న ఉపాయం ఆమెదే.

నిచ్చెన చెప్పగా, మర్నాడే ప్రెసిడెంటు అందరినీ గదికి పిలిచింది. ఇలాంటిది జరిగితే ఏం చెయ్యాలో వాళ్ళు ముందే నేర్చుకుని ఉన్నారు. ముందు నిచ్చెనకు ఏం కావాలో అడిగారు. ఆ రాత్రి వాడు ఇంట్లో ఉండటానికి భయపడుతున్నాడా, ఎవరైనా తోడు రావాలా, అమ్మతో ముందు మాట్లాడాడా అని ఒక్కొక్కటే అడిగారు. గొంతులు పెంచలేదు, కంగారు పడలేదు. తన పని తనే చేసుకుంటానన్నాడు నిచ్చెన. మర్నాడు తాతయ్యకు దుకాణంలోనే చెబుతానని, అమ్మ పక్కన ఉంటుందని అన్నాడు.

అప్పుడు మైకత్త లేచి, తను ఇక రానని, తన లాంటి మనిషి ఇక్కడ ఉండకూడదని అంది. గొంతు వణికింది. ఆ గొంతు వణకడం పిల్లలెప్పుడూ వినలేదు.

ప్రెసిడెంటు అందరి మొహాలూ చూసి కళ్ళజోడు సర్దుకుంది. "మీరు మానేస్తే గది మూతపడుతుందత్తా, రెండో మనిషి ఉండదు. తప్పు ఒప్పుకున్నారు, విన్నాం. కానీ ఊరికే వదిలేస్తే నియమానికి విలువుండదు. నాలుగు వారాలు తలుపు బయట బెంచీ మీద కూర్చోండి."

అరవై ఏళ్ళ మైకత్త "అలాగేనమ్మా" అంది.

తాతయ్యకు చెప్పిన రోజు ఏం జరిగిందో తర్వాత నిచ్చెనే అందరికీ చెప్పాడు. ఆయన చేతిలో పని ఆపకుండా అంతా విన్నాడట. తన మనవడికి అబ్బాయిలంటే ఇష్టమన్న మాట దగ్గర మర జారి కింద పడిందట. ముగ్గురూ కలిసి నేల మీద వెతికారట. దొరికాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మరి లెక్కలో?" అని. రెండోది, "మీ అమ్మకి తెలుసా?" అని. తెలుసనేసరికి ఆయనకు రోషం ముంచుకొచ్చింది. ఇంట్లో అందరికీ తెలిసి తనకొక్కడికే తెలియకపోవడం ఏమిటని కూతురితో రెండు రోజులు మాట్లాడలేదు. మనవడితో మాత్రం మానలేదు. అన్నం తిన్నావా, గొడుగు తీసుకెళ్ళావా అని మామూలుగానే అడిగేవాడు. మిగతాది అర్థం కావడానికి తనకు టైం పడుతుందని, ఈలోగా తనను కంగారు పెట్టొద్దని చెప్పాడు.

ఆ శనివారం మైకత్త బెంచీ మీద కూర్చుని ఉండగా మెట్లెక్కి ఎవరో వచ్చారు. కళ్ళజోడు లేక దగ్గరికొచ్చేదాకా పోల్చుకోలేదు. తాతయ్య జేబులోంచి ఆవిడ కళ్ళజోడు తీసి ఇచ్చాడు. కాడ బాగుచేసి, అద్దాలు కూడా తుడిచి తెచ్చాడు. తర్వాత అదే బెంచీ మీద కూర్చున్నాడు. లోపలి నుంచి పిల్లల నవ్వులు వినిపించాయి.

"ఏం చేస్తారండీ లోపల?" అన్నాడు.

"అది నేను చెప్పకూడదండీ. మీ మనవణ్ణే అడగండి."

ఆయన తలుపు వైపు చెవి పెట్టాడు. "భయం భయంగా ఉంటాడనుకున్నాను. నవ్వుతున్నాడు వాడు" అన్నాడు. "వాడి నవ్వేనా అది?"

"వాడిదేనండీ" అంది మైకత్త. అది చెప్పడం నియమానికి విరుద్ధమో కాదో ఆవిడకు తెలియలేదు. విరుద్ధమైతే మరో నాలుగు వారాలు బెంచీ మీద కూర్చోవడానికి సిద్ధపడే చెప్పింది.

టీచర్ల సమావేశానికి నలభై మంది వస్తారనుకుంటే ఇరవై ఆరు మంది వచ్చారు. అదే ఎక్కువంది లైబ్రేరియన్. నిచ్చెన బాగా మొదలుపెట్టి, మధ్యలో ఒకచోట మర్చిపోయి ఆగిపోయాడు.  వాడు కాగితం తీసి చూసుకుని, ఏమీ జరగనట్టు అక్కడి నుంచి ఎత్తుకున్నాడు. క్లాసులో ఎవరైనా ఏడిపిస్తే నవ్వి ఊరుకునే టీచరు కూడా ఏడిపించినట్టేనని చెప్పాడు. ఒక పెద్ద టీచరు, ఈ వయసులో పిల్లలకు ఇవన్నీ ఎలా తెలుస్తాయని అడిగాడు. "మీకు మీ పదిహేనో ఏట ఎవరూ నచ్చలేదా సార్?" అంది చెల్లి, ముందు వరసలో కూర్చుని. హాలంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వి, నచ్చారని ఒప్పుకున్నాడు. వ్యాయామం నేర్పే టీచరు మాత్రం ఒక నోటు పుస్తకం నిండా రాసుకుని, బట్టలు మార్చుకునే గదిలో పిల్లల్ని ఏడిపించే సంగతి తన బడిలో సోమవారమే చూస్తానని మాటిచ్చి వెళ్ళింది. చూసింది కూడా.

తర్వాతి రెండు నెలల్లో గదికి ఐదుగురు కొత్త పిల్లలు వచ్చారు. ప్రెసిడెంటు పై చదువుకి వెళ్ళే ముందు ఎన్నిక పెడితే నిచ్చెన గెలిచాడు. చెల్లికి మూడు ఓట్లు తగ్గాయి. వచ్చేసారి చూసుకుంటానని ఆమె అక్కడే ప్రకటించింది.

నిచ్చెన చేపట్టిన మొదటి పెద్ద పని, పక్క ఊళ్ళో ఇలాంటి గది తెరవడం. అక్కడి నుంచి ఒక నర్సు ఉత్తరం రాసింది. నలుగురు పిల్లలున్నారు, ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదని. ఒక ఆదివారం పొద్దున వ్యాను మాట్లాడుకుని బయల్దేరారు. లైబ్రేరియన్, మైకత్త, తాతయ్య, పెద్దవాళ్ళు ఈ ముగ్గురే. ఆయన ముందు సీట్లో కూర్చుని, డ్రైవరు మలుపుల్లో జోరు తగ్గించడం లేదని దారి పొడవునా విసుక్కున్నాడు. వెనక పిల్లలు ఒకళ్ళ మాట ఒకళ్ళకు వినపడనంత గోల చేశారు.

అక్కడి హాలు గుమ్మం దగ్గర నర్సు నిలబడి ఉంది. ఆమె వెనక నలుగురు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు కూడా చూసుకోకుండా నేల చూపులు చూస్తున్నారు. నిచ్చెన వ్యాను ఆగీ ఆగకముందే దిగి వాళ్ళ దగ్గరికి నడిచాడు. మైకత్త వెంట వెళ్ళబోతే తాతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"కుర్చీలు ఎక్కడున్నాయి?" అని వాడు ఆ నలుగురిలో అందరికన్నా చిన్నదాన్ని అడిగాడు. "గుండ్రంగా వేద్దాం. నువ్వు అటువైపు పట్టుకుంటావా?"

ఆ పిల్ల తలెత్తి వాడి పొడుగంతా ఒకసారి చూసి, లోపలికి దారి చూపించింది.