ఎలమంచిలి నుంచి విశాఖకు ఒక గొంతు

విశాఖపట్నానికి చాలాసార్లు వెళ్ళాను గానీ, టేపురికార్డరుని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళడం అదే మొదలు. మా ఆవిడ సత్తెమ్మకి కడుపులో క్యాన్సరు. ఆపరేషనుకి వీలులేదనీ, ఇక నొప్పి తగ్గించడమే చేయగలిగిందనీ అక్కడి డాక్టరు చెప్పేశారు. రైలు కుదుపు ఆమె తట్టుకోలేకపోతోందని ఉపాయం కూడా ఆయనే చెప్పారు.

"ఈసారి ఆమెని తేవద్దు. ఆమె మాట పట్టుకు రండి. విని మందు రాస్తాను."

టేపురికార్డరు పోర్టులో పనిచేసే మా బావది. పొద్దున్నే మీట నొక్కి మంచం పక్కన పెట్టాను. నా ఎదుట మొహమాటపడుతుందేమోనని పాలకి వెళ్ళిపోయాను. వచ్చి మీట ఆపి, మా అక్కని ఆమె దగ్గర కూర్చోబెట్టి ఏడింటి పాసింజరు ఎక్కాను.

ఈ దారిన వెళ్ళేవాళ్ళు అనకాపల్లి రాకముందే కిటికీ పక్కన సర్దుకోవాలి. అక్కడ బెల్లం బుట్టలతో సగం ఊరు ఎక్కుతుంది. ఒకాయన బుట్ట నా కాళ్ళ మీదకే తోశాడు.

"పాటలెట్టు బావా, ఊరికే మోస్తన్నావేటి?"

"పాటలు కాదు బావా. మా ఆడమనిసి మాట. డాక్టరుకి ఇనిపించాల."

"మనిసినొగ్గీసి మాటట్టుకెల్తన్నావా!" అని నవ్వబోయి, నా మొహం చూసి బుట్ట వెనక్కి లాక్కున్నాడు.

దువ్వాడలో స్టీలు ప్లాంటు పనివాళ్ళు దిగిపోయాక కాళ్ళు చాపుకోగలిగాను. విశాఖలో రెండిడ్లీలు తిని రిక్షా ఎక్కాను. ఆసుపత్రి దగ్గర ఎత్తు వస్తే దిగి నడిచాను.

డాక్టరు తలుపు వేసి టేపు పెట్టారు.

"బాబూ, నాను బాగానే ఉన్నాను. సాయంకాలం కాసింత నొప్పి, అంతే. ఆయనికి సెప్పకండి, దిగులెట్టుకుంతాడు."

అయిపోయిందని ఆపబోయాను. డాక్టరు నా చెయ్యి పట్టుకున్నారు. ఆ పెట్టెని ఆపడం సత్తెమ్మకి తెలియదు. అది తిరుగుతూనే ఉంది. కాసేపు కాకుల అరుపులు. తరవాత మూలుగు, కొంగు నోట్లో కుక్కుకున్న మూలుగు. ఆగి, మళ్ళీ. నా ఎదుట ఏనాడూ బయటపెట్టనిది. చివర్లో సన్నగా, "ఏడున్నావయ్యా... బేగి రా."

నాకు ఏడుపు ఆగలేదు. డాక్టరు చివరిదాకా విని మందు పెంచి రాశారు.

"నొప్పి ఉందా అని అడగొద్దు, లేదనే అంటుంది. వేళకి ఇచ్చెయ్యండి."

మందు సీసా తువ్వాలులో చుట్టుకుని స్టేషనుకి వచ్చేశాను. భోజనం సంగతే గుర్తు రాలేదు. తిరుగు రైలు దువ్వాడ దగ్గర సిగ్నలు లేక నిలబడిపోయింది. అందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి తిట్టుకుంటున్నారు. నాకు మాత్రం దిగి పట్టాల వెంట పరిగెత్తాలనిపించింది. నాకు తెలిసిన దారే అది, కళ్ళు మూసుకుని వెళ్ళగలను. ఆ వేళ మాత్రం ఎలమంచిలి ఎంతకీ రాలేదు. ఆమె మీద అంత బెంగ నాలో ఉందని నాకే తెలియదు.

దీపాల వేళకి ఇల్లు చేరాను. నన్ను చూడగానే సత్తెమ్మ నవ్వు తెచ్చుకుంది.

"అప్పుడే వచ్చీసినావేటి? నాకేటీ నొప్పి నేదు."

"సరేలే," అని గ్లాసులో మందు పోశాను. వద్దంటుందనుకున్నాను. రెండు చేతులా అందుకుని ఒక్క గుక్కలో తాగేసింది.