నా చెయ్యి తగలని పత్తిపువ్వు

నాయన కంటి పరీక్షకని హైదరాబాదు వెళ్లాం. కర్నూలు బస్సుకు ఇంకా టైముందని మా అమ్మాయి మమ్మల్నిద్దరినీ జంతువులూ పురుగులూ ఉండే మ్యూజియానికి లాక్కెళ్లింది. ఏనుగు ఎముకల దగ్గర నాయనా నేనూ నవ్వుకున్నాం కూడా. ఆ తర్వాత పురుగుల గది వచ్చింది.

అద్దాల పెట్టెలో గొర్రెపిల్లంత తేనెటీగ బొమ్మ, కాళ్ల నిండా పసుపు పుప్పొడి. పక్కనే నిలువునా కోసి చూపించిన పెద్ద పత్తిపువ్వు. నాకు పత్తిపువ్వు ఎవరో చూపించాలా? కోసిగి పక్క మా పల్లెలో కంపెనీకి విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలోనే పెరిగాను. సాయంత్రం మొగ్గ వలిచి లోపలి పుప్పొడి తిత్తులన్నీ గోటితో గీకేసేదాన్ని. తెల్లారి పక్క సాలులోని వేరే రకం పువ్వు, మగపువ్వు అనేవాళ్లం, తెచ్చి దానికి రుద్దేదాన్ని. క్రాసింగ్ అనేవాళ్లు. చెట్టూ మేమూ ఒకే ఎత్తని ఆ పని పిల్లలకే.

ఆరో తరగతికి బడి తెరిచినప్పుడు పోతానన్నాను. నాయన నన్ను గట్టు మీద కూర్చోబెట్టుకుని, “నీ చెయ్యి తగలకుంటే ఈ పూత నిలబడదమ్మా. ఒక్క కాయ కట్టదు” అన్నాడు. పక్క చేలో పత్తి దానంతటదే కాస్తోంది కదా అంటే, అది వేరే జాతి, ఇది మొండిది అన్నాడు. తేనెటీగలు పూత చెడగొడతాయని టవల్ ఇచ్చి తోలమన్నాడు. నేను ఎంత పొంగిపోయానో. బడికి పంపమని సారు ఇంటికొస్తే, నాయన నోరు తెరవకముందే, నేను లేకుంటే చేను పాడైపోతుంది సార్ అని చెప్పేశాను. సారు నాయన వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

మ్యూజియంలో బోర్డు ఇంగ్లీషులో ఉంది. నాకు రాదు. మా అమ్మాయి చదివి చెప్పింది. పత్తిపువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయట. తనంతట తానే కాయ కడుతుందట. తేనెటీగలు వాలితే ఇంకా బాగా కడుతుందట. మరి మేము రుద్దేవాళ్లమే అన్నాను. అక్కడున్న గైడు పిల్ల, రెండు రకాలు కలిపిన విత్తనం కావాలంటే ముందు మగభాగం తీసేస్తారు, తీసేశాక ఎవరో ఒకరు పుప్పొడి అద్దాల్సిందే కదండీ అంది.

అంటే ఆ పువ్వులో ఏ లోటూ లేదు. సాయంత్రం దాన్ని అవిటిదాన్ని చేసిందీ నా చెయ్యే, తెల్లారి ఆదుకున్నదీ నా చెయ్యే. ఒళ్లు మండింది. నాయన నల్ల కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

“నీకు తెలుసా నాయనా?”

“తెలుసులేమ్మా. చెప్పింటే నువ్వు బడికి పోతాంటివి.”

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మా వీధిలో పిల్లలందరినీ బడి మాన్పించారు. వాళ్లు ఏడ్చారు, ఇంట్లోవాళ్లను తిట్టుకున్నారు, ఒకరిద్దరు పారిపోయి బడికి పోయారు కూడా. మోసపోతున్నానన్న ఊహే లేక నేను నవ్వుతూ చేలోకి పోయాను. బడికి రానని సారుకు చెప్పింది నేనే. నాయన ఒక్క మాట కూడా అనాల్సిన పని లేకపోయింది.