నాన్న సుత్తి కింద నా వర్క్‌స్టేషన్

కాలేజీ ల్యాబులో మూలన పడేసిన పాత వర్క్‌స్టేషన్ మీద మూడు నెలలు కష్టపడి, ఉచితంగా దొరికే నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. సోమవారం చూపించాల్సిన ఫైనలియర్ ప్రాజెక్టు అందులోనే ఉంది. ఈ రోజు వెళ్లేసరికి బల్ల ఖాళీ. పర్సుడీహ్ పేటలోని తుక్కు కొట్టుకు పంపేశారట. మా నాన్న పనిచేసేది అక్కడే. ఆటోలో పరుగున వెళ్లాను. అప్పటికే ఆయన దాని హార్డ్ డిస్కును సుత్తితో పగలగొట్టేశాడు.

"నాన్నా, అది నా కంప్యూటర్!"

"ఇదా? ఇంత పాతదేటమ్మా! నీదంటే కొత్తది, తళతళలాడతాదనుకున్నాను."

సుత్తి పక్కన పెట్టి, ముక్కలన్నీ ఏరి నా చేతిలో పోశాడు.

ఇంట్లో నా కంప్యూటర్ గురించి గొప్పలు చెప్పాను గానీ, అది కాలేజీవాళ్లు పారేసిన పాతదని ఒక్కసారీ చెప్పలేదు. బ్యాకప్ తీసుకోకపోవడం ఒక తప్పు, ఇది ఇంకొకటి. ఏది పెద్దదో మీరే చెప్పండి.