ప్రసన్నలక్ష్మి మైకు ఉద్యోగం

ప్రసన్నలక్ష్మి పిలిస్తే రైలు పట్టాల అవతల ఉన్నవాళ్లు కూడా పలికేవారు. ఒడిశాలో, రాయగడ జిల్లాలోని ఓ చిన్న పట్టణంలో పారిశుద్ధ్య కార్మికుడి కూతురు ఆమె. చిన్నతనమంతా బోరిగుమ్మలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. సంతలో ఆవిడ పక్కన నిలబడి అల్లం, పసుపు అమ్మడంతో తెలుగు, ఒడియాలతో పాటు కొండ ఊళ్లవాళ్లు మాట్లాడే దేశియా కూడా నోటికి వచ్చేసింది.

అందుకే మైకు బండి మీద ప్రకటనలు చెప్పడానికి మనిషి కావాలని మున్సిపాలిటీ వాళ్లు అన్నప్పుడు, ఆ ఉద్యోగం తనకోసమే పుట్టిందనుకుంది. కుళాయి ఎప్పుడొస్తుందో, టీకాలు ఎక్కడ వేస్తారో మూడు భాషల్లోనూ చెప్పాలి. పరీక్ష అంటే కమిటీ ముందు మైకు పట్టుకుని మాట్లాడటమే. మొదటి స్థానం ప్రసన్నలక్ష్మిది. రెండోది కాలేజీలో నాటకాలు వేసిన రీనాది.

ఉద్యోగంలో చేరిన సంబరం తీరకముందే ఫోనుకి కబురొచ్చింది. నియామకం రద్దయిందట. ఎందుకో లేదు. ఆఫీసుకి పరిగెత్తితే గుమాస్తా తలెత్తకుండా చెప్పాడు.

"రీనా ఫిర్యాదు పెట్టింది. కమిటీలో మీ మేనమామ కూర్చున్నారట కదా!"

నిజమే. వార్డు కౌన్సిలర్ ఆదిశేషు ఆమె తల్లికి సొంత తమ్ముడు. కుర్చీ ఖాళీగా కనిపిస్తే కూర్చోకుండా ఉండలేని మనిషి.

"కూకున్నాడు బాబూ, కాదన్ను. మరి నన్నొక్కమాట అడిగేరా? ఇదీ నీ మీదున్న ఆరోపణ, ఏటంటావని అడగాలా అక్కర్లేదా?"

అక్కణ్ణుంచి ఆమె నేరుగా మేనమామ ఇంటికి వెళ్లింది.

"ఎందుకు కూకున్నావు మావయ్యా?"

"కూకోమన్నారమ్మీ, కూకున్నాను" అని ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి జారుకున్నాడు.

ప్రసన్నలక్ష్మి జిల్లా అధికారికి అర్జీ పెట్టుకుంది. ఉద్యోగం ఇవ్వమని కాదు, తన మాట వినమని.

విచారణకు మనోరంజన్ బాబు అనే అధికారి వచ్చాడు. ముందు మున్సిపాలిటీ వాళ్లకే చీవాట్లు పెట్టాడు. "మనిషిని తీసేశాక వినడానికి ఏం మిగులుతుంది?" అన్నాడు. తరువాత రీనాని చెప్పమన్నాడు.

"ఆమె బాగా మాట్లాడలేదని నేను అనను సార్. మేనమామ మార్కులు వేస్తుంటే నేనెలా నమ్మను?"

"తన సోట్లో నానున్నా అదే అడుగుదును ఆగ్యా" అంది ప్రసన్నలక్ష్మి, అయ్యా అనడానికి ఒడియా మాట వాడుతూ.

రీనా విస్తుపోయి ఆమెకేసి చూసింది. విచారణకి పిలిపించగా వచ్చి కూర్చున్న ఆదిశేషు ఇక ఆగలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"అయ్యా, నా మేనకోడలికి అందరికన్నా తక్కువ మార్కులేసినోణ్ణి నానే! ఊరేటనుకుంటాదో అని బయమేసింది!"

"తక్కువేసేవా మావయ్యా!"

ఆ గొంతుకి బయట టీ తాగుతున్న జవాను గ్లాసుతో సహా లోపలికి తొంగిచూశాడు. గదంతా నవ్వింది. మనోరంజన్ బాబు కూడా నవ్వాపుకుంటూ అన్నాడు.

"ఎక్కువ వేసినా తక్కువ వేసినా చుట్టరికాన్ని చూసే వేశారు కదండీ. మీరు వినాల్సింది గొంతుని."

రద్దు చెల్లదన్నాడు. పాత ఎంపిక కూడా నిలవదన్నాడు. వేరే కమిటీతో మళ్లీ పరీక్ష పెడతాం, మీరేమంటారని ఇద్దరినీ అడిగాడు. చేతికొచ్చిన ఉద్యోగం జారిపోతోందని ప్రసన్నలక్ష్మికి తెలుసు. అయినా తలెత్తే చెప్పింది.

"అడిగేరు, నాకదే సాలు. మళ్లీ మాటాడతాను."

ఈసారి కొరాపుట్ నుంచి వచ్చిన ముగ్గురు కొత్తవాళ్లు కూర్చున్నారు. దోమల మందు కొట్టే రోజు గురించి చెప్పమన్నారు. రీనా మాట్లాడిన ఒడియా పాటలా సాగింది. ప్రసన్నలక్ష్మి మాత్రం దేశియాలోకి దిగేసరికి, పక్కింటామెని పలకరిస్తున్నట్టే ఉంది. మొదటి స్థానం మళ్లీ ఆమెకే.

ఫలితం చూసి రీనా దగ్గరికొచ్చింది. "ఈసారి ఓడిపోయినా నిద్ర పడుతుంది" అంది. ఇద్దరూ బస్టాండు దాకా కబుర్లాడుకుంటూ నడిచారు.

మేనమామతో మాత్రం ప్రసన్నలక్ష్మి చాన్నాళ్లు మాట్లాడలేదు. ఎక్కువేసినా క్షమించేదాన్నేమో అనేది.

తొలి రోజు మైకు బండి సంత దారిలో వెళ్తుంటే, కూరకి వెదురు కొమ్ములు అమ్ముకునే ఓ ముసలామె టీకాలు ఎక్కడ వేస్తారని దేశియాలో అడిగింది. ప్రసన్నలక్ష్మి బండి ఆపించి, మైకు పక్కన పెట్టి, కిందికి దిగింది.