సింగణ్ణి ట్రాలీ ఎక్కించిన రాత్రి

ఆ రాత్రి పట్టాల మీద ఉన్నది ఇంతే. ఒక తోపుడు ట్రాలీ. ఒక లాంతరు. ఒక గోనెపట్ట. తోయడానికి ఇద్దరు మనుషులు, దావీదు, మస్తాను. బ్రేకు పట్టుకుని నేను. నా ఒడిలో నా కుక్క సింగడు. ఇంకెవరూ లేరు... లెక్క సరిచూసుకునే చెప్తున్నాను. ఒక్క ముక్క కల్పించి ఉంటే ఆ ఇద్దరూ నా మొహం మీదే అనగలరు. ఇప్పటికీ నా కిందే పనిచేస్తున్నారు.

నేను రైలు దారి చూసుకునే ఓవర్సీరుని. రాజంపేటకు ఆరు మైళ్ళ ఇవతల చిన్న స్టేషను మాది. మద్రాసులో చదువు ముగించి ఇక్కడికొచ్చి రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ రోజూ నాతో పట్టాల వెంట నడిచింది సింగడొక్కడే.

తప్పు నాదే. ముందే ఒప్పుకుంటున్నాను. పందికొక్కులు రైలుకట్టను తొలిచేస్తున్నాయని విషం కలిపిన పిండి ఉండలు పన్నెండు పెట్టించాను. తెల్లారి ఏరితే పదకొండే దొరికాయి. ఒకటి పందికొక్కు తినేసిందని పుస్తకంలో రాసి మూసేశాను. చచ్చిన పందికొక్కు ఎక్కడుందో వెతకలేదు.

మూడో రోజు రాత్రి, పదకొండు దాటాక, సింగడు వాకిట్లో పడిపోయాడు. నాలుగు కాళ్ళూ చాచుకుపోయాయి. మెడ వెనక్కి వంగింది. చెంబు కింద పెట్టిన చప్పుడుకే ఒళ్ళంతా ఎగిరిపడింది...

దావీదు వంగి చూశాడు. "కాళ్ళు కట్టెలైపాయ సామీ. ఇది మనం పెట్టిన మందే."

"రాజంపేటలో గొడ్ల డాక్టరు ఉన్నాడు కదప్పా. ట్రాలీ తీయండి," అన్నాను.

"నలుగురు తోసే బండి అది. ఈడ ఇద్దరమే ఉండాం."

మస్తాను నవ్వాడు. "మా ఇంట్లో దానికి నొప్పులొచ్చినప్పుడు ట్రాలీ అడిగితే రూలు లేదంటిరి సామీ. కుక్కకు రూలు యాడ దొరికె?"

అతను నా జవాబు కోసం ఆగలేదు. అప్పటికే తలగుడ్డ బిగించి ట్రాలీ వైపు నడుస్తున్నాడు.

రాత్రి రెండున్నరకు మెయిలు బండి వచ్చేదాకా దారి ఖాళీ అని స్టేషను మాస్టరు చీటీ రాసిచ్చాడు. చప్పుడుకీ వెలుతురుకీ ఈడ్పు వస్తోందని సింగడి చెవుల్లో దూది పెట్టి, కళ్ళకు గుడ్డ కట్టాను.

బయలుదేరాం. ఇద్దరూ చెరో పట్టా మీద వట్టికాళ్ళతో పరుగెత్తుతూ తోస్తున్నారు. టప్... టప్... పట్టాల అతుకు దగ్గర చక్రం టక్‌మంటుంది. ఆ అదురుకు సింగడు విల్లులా వంగుతాడు. ఊపిరి ఆగుతుంది. మళ్ళీ వస్తుంది. ఆగినప్పుడల్లా అంకెలు లెక్కపెట్టాను. ఒకసారి పదకొండు దాకా పోయింది.

నాలుగో మైలు నుంచి ఎక్కుడు. నూరడుగులకు ఒక అడుగు లేస్తుంది దారి. కంటికి తెలియదు, తోసేవాడి పిక్కలకు తెలుస్తుంది. ట్రాలీ నెమ్మదించింది. వెనక రొప్పు వినిపించింది. కాసేపటికి రెండు జతల అడుగులు ఒక జత అయ్యాయి. ఒకరు ఎక్కి అలుపు తీర్చుకుంటున్నారనుకున్నాను. అయినా వేగం పెరిగింది.

టప్... టప్... టప్...

"ఏమప్పా మస్తానూ, ఒక్కనివే ఇంత జోరుగా తోస్తాండావు! ఏం తినొచ్చినావు? ఇంగ నువ్వెక్కు, నేను దిగతా," అన్నాడు దావీదు. ఆ గొంతు నా ఎడమ భుజం వెనకనుంచి వచ్చింది.

కుడి భుజం వెనకనుంచి మస్తాను గొంతు... "నేనెక్కి శానాసేపాయె. నువ్వు తోస్తాండావనుకుంటి."

ముగ్గురం బండి మీదే ఉన్నాం.

టప్... టప్... పట్టా మీద. తొందర లేదు. అలుపు లేదు.

లాంతరు మంట నిటారుగా ఉంది. గాలి లేదు. నా చేయి బ్రేకు మీదికి వెళ్ళింది. ఆపాలి, లాంతరు ఎత్తి చూడాలి. నా చదువంతా నేర్పింది అదే. కానీ ఆ ఎక్కుడులో ఆగితే ఇద్దరి బలానికి బండి మళ్ళీ కదలదు. ఒడిలో ఊపిరి ఆగి ఉంది. ఏడు... ఎనిమిది...

"సామీ, ఎనక్కి సూడొద్దు," మస్తాను గుసగుసలాడాడు. "తోసేవాణ్ణి తోయనీ."

చేయి తీసేశాను.

అప్పుడు... చెవుల్లో దూది, కళ్ళకు గుడ్డ... సింగడు మెడ తిప్పాడు. వెనక్కి. కొయ్యలా బిగిసిన తోక నా మోకాలికి తగిలింది. ఒకసారి. ఇంకోసారి. తెలిసినవాళ్ళొస్తే ఆడించినట్టు. ఊపిరి వచ్చింది.

ఎక్కుడు ముగిసిన చోట అడుగులు ఆగిపోయాయి. ఇద్దరూ దూకి తోయసాగారు. రాజంపేట దాకా ఆగలేదు.

డాక్టరు నిద్రకళ్ళతోనే సూదిమందు వేశాడు. "ఇంగ పావుగంట అయ్యింటే పూడ్చేదానికి తెచ్చినట్టుండేది," అన్నాడు. సింగడు బతికాడు. వెనక కాలు కొంచెం ఈడుస్తాడు, అంతే.

దేవదూత అంటాడు దావీదు. చర్చిలో సాక్ష్యం కూడా చెప్పాడు. మస్తాను ఆ సంగతే ఎత్తనివ్వడు. నేను లెక్కలు వేశాను. ఆ వేగానికి, ఆ బరువుకు, మిగిలిన ఊపుతో యాభై గజాలు పోవచ్చు. ఎక్కుడు ముప్పాతిక మైలు. వెనక్కి తిరిగి ఉంటే తెలిసేది. తిరిగి ఉంటే సింగడు దక్కేవాడా? ఈ రెంటిలో ఏది ఎక్కువో తేల్చుకోలేక ఇంకా నిద్ర చెడగొట్టుకుంటున్నాను.

మరునాడు పగలు, తిరుగుదారిలో, అదే ఎక్కుడు మధ్యలో ట్రాలీ నిలిపాం. బండి దానంతటదే ఎక్కుతుందేమో చూద్దామని ముగ్గురం ఎక్కి కూర్చుని బ్రేకు వదిలాం. పల్లానికి దొర్లింది. మళ్ళీ తెచ్చి పెట్టాం. మొత్తం ఆరుసార్లు. ఆరుసార్లూ పల్లానికే.